గుర్తుపట్టని విడిది

"వెండెల్, మీ ఆవిడని ఆ కిటికీ అద్దం కాస్త పైకెత్తమను. జుట్టంతా రేగిపోతోంది," అంది రొవీనా వెనక సీట్లోంచి.

మీ ఆవిడ అన్న మనిషి ముందు సీట్లోనే ఉంది. చెయ్యి వెనక్కి చాపితే తల్లి మోకాలికి తగులుతుంది. అయినా కబురు అల్లుడి మీదుగానే రావాలి. వారం మొదటినుంచీ ఇదే వరస.

జోసెలిన్ అద్దం ఎత్తింది.

"ఎత్తింది, మేడమ్," అన్నాడు వెండెల్.

"చూశాను. థాంక్స్ అని చెప్పు."

"మీ అమ్మగారు థాంక్స్ చెప్పమన్నారు."

"నాకు చెవులున్నాయి. నువ్వు రోడ్డు చూసి నడుపు," అంది జోసెలిన్.

అత్తగారిని మేడమ్ అని పిలవడం వెండెల్ పెళ్లయిన కొత్తలో వేళాకోళంగా మొదలుపెట్టాడు. ఆవిడ దాన్ని వేళాకోళమని ఏనాడూ అనుకోలేదు. రాను రాను అతనూ అనుకోవడం మానేశాడు.

కనుమ దాటాక గాలి పడిపోయింది. రెండు పక్కలా పాలిపోయిన ఇసక, అక్కడక్కడ బూడిదరంగు తుప్పలు. కారు ఎంత పోతున్నా కొండలు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. రోడ్డు చివర నీళ్లున్నట్టు మెరుస్తోంది. దగ్గరికి వెళ్లేసరికి ఆ మెరుపు ఇంకాస్త ముందుకి జరిగి కూర్చుంటోంది. చూస్తూ ఉంటే జోసెలిన్‌కి కళ్లు బరువెక్కాయి.

ఆ మాట అని ఉండకూడదని ఆమెకి లాస్ ఏంజిలస్ దాటినప్పటినుంచీ అనిపిస్తూనే ఉంది. పొయ్యి మీద గుడ్డ మరిచిపోయి వంటింటి కర్టెన్లు కాల్చుకున్న తల్లిని చూసి, హడలిపోయి అన్న మాట అది. ఇల్లు అమ్మేసి మాతో శాక్రమెంటో వచ్చెయ్యమ్మా అంటే, "నేను ఇల్లు మారితే నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి ఎలా తెలుస్తుంది?" అంది ఆవిడ. అక్కడే జోసెలిన్ నోరు జారింది.

"ఎవరూ రారమ్మా. నువ్వెవరో ఎవరికీ తెలీదు. వీడియో క్యాసెట్ల షాపులో నువ్వు వేసిన పాత సినిమాలున్నాయా అని నీ పేరు చెబితే, ఆవిడ మీకేమవుతారు, తప్పిపోయారా అని అడిగాడు."

రొవీనా అరవలేదు, ఏడవలేదు. కాలిన కర్టెన్ మడతపెట్టి కుర్చీ మీద పెట్టింది. పెట్టి, అల్లుడి వైపు తిరిగింది.

"నన్ను ట్రెస్ పోసోస్ తీసుకెళ్లమను. నేనెవరో తెలిసినవాళ్లు అక్కడ ఒక్కరున్నా సరే, ఇల్లమ్మే మాట మీ ఆవిడ మళ్లీ ఎత్తకూడదు. లేకపోతే ఆ కాగితాల మీద ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడతాను."

కొనేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. కాగితాలు జోసెలిన్ చేతిసంచిలో ఉన్నాయి.

*

ట్రెస్ పోసోస్ అంటే స్పానిష్‌లో మూడు బావులు. బావులు ఎప్పుడో పూడిపోయాయి, విడిది మిగిలింది. మట్టిగోడల చిన్న చిన్న ఇళ్లు, వాటి మధ్య తోట, తోట మధ్య ఈతకొలను. ఒకప్పుడు శుక్రవారం పొద్దుగూకేసరికి హాలీవుడ్‌లో సగం మంది ఇక్కడే దిగేవారని చెప్పుకుంటారు. ఇప్పుడు ఉద్యోగ విరమణ చేసిన పళ్ల డాక్టర్లు దిగుతున్నారు.

రొవీనా కారు దిగి టోపీ సవరించుకుంది. లేత ఆకుపచ్చ సూటు వేసుకుంది. చేతులకి తొడుగులున్నాయి. ఈ ఎండలో తొడుగులేమిటమ్మా అని జోసెలిన్ నాలిక చివరిదాకా వచ్చింది గాని, అనలేదు. అన్నా జవాబు వెండెల్‌కే వచ్చేది.

వరండాలో యజమానురాలు అగస్టా క్రేన్ బల్ల ముందు కూర్చుని ఖర్జూరాలు ఏరుతోంది. ఈ విడిది కట్టించిన పెద్దమనిషి కూతురు. అరవై దాటి చాలా ఏళ్లయి ఉంటుంది. ఎండకి కాగిన ముఖం, మగవాళ్ల చొక్కా.

"రండి, రండి. ఎక్కడినుంచి?" అంది వెండెల్‌ని. "దారిలో లారీలు ఎక్కువగా ఉన్నాయా? మీ పేరేమన్నారు? ఓహో, శాక్రమెంటోనా. అక్కడ మా చెల్లెలి కొడుకు ఉన్నాడు. మీకు పీచ్ తోటలేమైనా ఉన్నాయా?"

జోసెలిన్‌ని కూడా అలాగే ఆరా తీసింది. పిల్లలెందరు, ఏం చేస్తుంటావు, ఈ ఎండకి తలనొప్పి వస్తుందా. గడగడా మాట్లాడే మనిషి.

రొవీనా ముందుకి వచ్చి నిలబడింది. గడ్డం కొంచెం పైకెత్తింది.

అగస్టా ఆవిడ వైపు తలెత్తి, తాళంచెవి బల్ల మీద పెట్టింది.

"తోట వైపు గది. ఇవాళ ఎండ ఎక్కువగా ఉంది," అంది. అంతే. మళ్లీ ఖర్జూరాల్లో పడింది.

జోసెలిన్‌కి ప్రాణం చివుక్కుమంది. ముక్కూమొహం తెలియని తనని అన్ని ఊసులడిగిన మనిషి, తల్లిని ఊరూ పేరూ కూడా అడగలేదు. రొవీనా తాళంచెవి తీసుకుని, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, మరో మాట లేకుండా తోటలోకి నడిచింది. వీపు నిటారుగా ఉంది. ఏడుపు దాచుకునేటప్పుడు తల్లి వీపు అలాగే ఉంటుందని జోసెలిన్‌కి చిన్నప్పటినుంచీ తెలుసు.

"గోడల మీద ఒక్క ఫొటో కూడా లేదేమిటి?" అన్నాడు వెండెల్ చుట్టూ చూస్తూ. "ఇలాంటిచోట వచ్చిపోయిన తారలవి గోడ నిండా వేలాడదీస్తారే."

"సామాను దించు," అంది జోసెలిన్.

*

మధ్యాహ్నం మెల్లగా కరిగింది. కొలను పక్కన టామరిస్క్ చెట్ల నీడలో పొడుగాటి కుర్చీల్లో జనం సోలిపోయి ఉన్నారు. ఎక్కడో పావురాలు ఆగి ఆగి కూస్తున్నాయి. నీళ్ల వెలుగు చెట్ల కింద, తెల్ల గోడల మీద, రొవీనా చేతుల మీద ఊగుతోంది. ఏ కాలంలో ఉన్నామో ఆ చోటు ఎవరికీ చెప్పేలా లేదు. కాసేపు కళ్లు మూసి తెరిస్తే, ఖాళీ కుర్చీల్లో ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు, తువ్వాలు ఇంకా తడిగా ఉన్నట్టు అనిపిస్తోంది జోసెలిన్‌కి.

ఎవరూ రొవీనా వైపు చూడలేదు. నిమ్మరసం తెచ్చినవాడు గ్లాసు పెట్టి వెళ్లిపోయాడు. ఒకసారి అగస్టా తనే వచ్చి, రొవీనా కాళ్ల మీదికి వచ్చిన ఎండని చూసి గొడుగు కొంచెం జరిపింది. జరిపి, ఆకాశం వైపు చూసుకుంటూ పోయింది. రొవీనా కదల్లేదు. కళ్లద్దాల వెనక ఏముందో తెలియదు.

"చూడు, ఎలా అయిపోయిందో," అంది జోసెలిన్ మొగుడి చెవిలో. "పొద్దుటినుంచి ఒక్క ముక్క మాట్లాడలేదు."

"నీతో ఎలాగూ మాట్లాడదుగా."

"నీతో కూడా మాట్లాడలేదు."

వెండెల్ అత్తగారిని కాసేపు పరిశీలనగా చూశాడు. "నాకేం బాధపడుతున్నట్టు లేదు జోసీ. హాయిగానే ఉంది."

"నీకేం తెలుసు మా అమ్మ సంగతి? నలభై ఏళ్లుగా చూస్తున్నాను. బాధ వస్తే ఇలాగే రాయైపోతుంది."

"పందెం నువ్వే గెలుస్తున్నావు కదా. మరి నీ ముఖమేమిటి అలా ఉంది?"

  గెలుస్తున్నానని జోసెలిన్‌కీ తెలుసు. ఓడిపోతే బాగుండునని పొద్దుటినుంచీ ఒకటే కోరిక. చిన్నప్పుడు బడి ముందు అందరి తల్లులూ జడలు విప్పుకుని, చెప్పులు ఈడ్చుకుంటూ నిలబడితే, తన తల్లి ఒక్కతే టోపీ పెట్టుకుని నిలబడేది. అప్పుడు సిగ్గుతో చచ్చిపోయేది జోసెలిన్. ఆ టోపీ ఎవరి కోసమో ఇవాళ అర్థమవుతోంది. ఎవరైనా గుర్తుపడితే తయారుగా ఉండాలని. అన్నేళ్లూ తయారుగానే ఉంది.

కుర్చీలోంచి లేచి, చెప్పులేసుకుని, వరండా వైపు నడిచింది.

*

అగస్టా దుప్పట్ల గదిలో ఉంది. ఉతికి వచ్చిన రుమాళ్లు మడతపెడుతోంది.

"మీతో ఒక్క మాట. మా అమ్మ గురించి," అంది జోసెలిన్.

"గది బాగాలేదా? మా గదుల్లో అన్నిటికన్నా మంచిది అదే."

"గది బాగుంది. ఆవిడ ఎవరో మీకు తెలుసా? ఆవిడ పేరు రొవీనా..."

"చెప్పకు," అంది అగస్టా. గొంతు పెంచకుండానే అంది. "ఇక్కడ పేర్లు చెప్పుకోకూడదమ్మాయ్."

జోసెలిన్ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఇది మా నాన్న పెట్టిన పద్ధతి," అంది అగస్టా రుమాలు అంచులు కలుపుతూ. "ఆ రోజుల్లో వాళ్లు ఇక్కడికి వచ్చేదే ఎవరి కంటా పడకుండా ఉండడానికి. ఊళ్లో కాలు బయట పెడితే మీద పడేవారు జనం. అందుకని ఇక్కడ పనిలో పెట్టుకునే ప్రతివాడికీ ముందే చెప్పేవాడు నాన్న. తెర మీద చూసిన మనిషి ఎదురుపడితే, ఎండ ఎక్కువగా ఉంది కదండీ అనాలి. అంతకుమించి నోరెత్తితే సాయంత్రం బస్సెక్కాలి. నా చిన్నప్పుడు ఒకావిడని చూసి సంబరంకొద్దీ పేరు పెట్టి పిలిచాను. ఆ వేసవంతా నన్ను కొలను ఛాయలకి రానివ్వలేదు ఆయన."

"అయితే పొద్దున మీరు మా అమ్మతో..."

"ఎండ ఎక్కువగా ఉందన్నాను."

జోసెలిన్ నెమ్మదిగా లోపలికి వచ్చి దుప్పట్ల దొంతర మీద చెయ్యి ఆనించింది. "మీకు నిజంగా తెలుసా?"

"టోపీ సవరించుకుంటుంటేనే తెలిసింది. మూడు వసంతాలు వరసగా వచ్చింది. పొద్దున్నే అందరికన్నా ముందు లేచి, నీళ్ల మీద వెల్లకిలా తేలుతూ పడుకునేది. నాకప్పుడు ఇరవై నిండలేదు. ఆ కిటికీలోంచి చూసేదాన్ని. బతికితే ఇలా బతకాలి అనుకునేదాన్ని." అగస్టా నవ్వింది. "చూశావా, నాచేత నాన్న మాట తప్పించేశావు."

జోసెలిన్‌కి కళ్లనీళ్లు తిరిగాయి. నవ్వూ వచ్చింది. గుండెల మీద నుంచి బండ దిగినట్టుంది.

"ఈ ముక్క ఆవిడతో అనండి. ఒక్కసారి. భోజనాల దగ్గర అందరిముందూ అనండి."

"అనకూడదు."

"ఎవరి కోసం ఇంకా ఈ పద్ధతి? వాళ్లలో చాలామంది పోయారు కదా."

"మీ అమ్మ ఉందిగా," అంది అగస్టా. "ఆవిడకి తెలుసు మా పద్ధతి. ఈ వయసులో ఇంత దూరం వచ్చింది దానికోసమే కావచ్చు."

"తెలీదు. మరిచిపోయి ఉంటుంది. పొయ్యి మీద గుడ్డ పెట్టి మరిచిపోయి ఇల్లు తగలబెట్టుకోబోయింది. పొద్దుటినుంచి ఆ కుర్చీలో ఎలా పడుందో చూశారుగా. ఎవరూ గుర్తుపట్టలేదని కుమిలిపోతోంది."

అగస్టా చేతులు ఆగాయి. "అంత మరుపు వచ్చిందా?"

ఒక్కరోజు గుడ్డ మరిచిపోవడం అంత మరుపు కాదని జోసెలిన్‌కి తెలుసు. తల్లికి ఇప్పటికీ తను వేసిన పాత్రల మాటలన్నీ కంఠతా వచ్చు. ఎదుటివాళ్ల మాటలు కూడా వచ్చు.

"వచ్చింది," అంది.

అగస్టా రుమాలు పట్టుకుని కాసేపు కిటికీలోంచి కొలను వైపు చూసింది. "అయితే వేరే సంగతి," అంది చివరికి. ఆ గొంతులో ఏదో మారింది. జోసెలిన్ అది పట్టించుకోలేదు. ఆమెకి కావలసిన జవాబు దొరికింది.

*

భోజనాలు ముంగిట్లో వేశారు. కొండలు ఊదారంగుకి తిరిగి, మెల్లగా దగ్గరికి జరిగినట్టు కనిపిస్తున్నాయి. బల్లల మీద గాజు చిమ్నీల్లో కొవ్వొత్తులు వెలిగించారు. పగటి వేడి మట్టిగోడల్లోంచి వచ్చి వీపులకి తగులుతోంది. అందరూ తగ్గు గొంతులతో మాట్లాడుకుంటున్నారు. అలా మాట్లాడమని ఎవరూ చెప్పలేదు.

రొవీనా వెండిరంగు గౌను వేసుకుని వచ్చింది. నల్లకళ్లద్దాలు తీసేసింది. మాంసం ముక్క కోసుకుని, నమిలి, చుట్టూ చూసింది.

"జోసీ, ఆ ఉప్పు ఇటు అందించు," అంది.

వెండెల్ ఫోర్కు గాల్లోనే ఉండిపోయింది. జోసెలిన్ ఉప్పు అందించింది. 

"పొద్దుటినుంచి ఎంత ప్రశాంతంగా ఉందో," అంది రొవీనా ఉప్పు చల్లుకుంటూ. "నాకు ఈ పక్కన ఎండ కూడా మెత్తగా ఉంటుంది. ఎల్లుండి మనం ఇంటికి వెళ్లాక వంటింటికి కర్టెన్లు కొందాం. ఈసారి పసుపురంగువి. నువ్వు వచ్చి ఎంచిపెట్టు. నీ కంటికి రంగులు బాగా ఆనుతాయి."

జోసెలిన్‌కి ముందు అర్థం కాలేదు. ఇంటికి కర్టెన్లేమిటి. పందెం ఓడిపోయిన మనిషి కర్టెన్లు కొంటుందా. తల్లి ముఖంలోకి చూసింది. ఆ ముఖం నున్నగా, వెలుగుతూ ఉంది. కుమిలిపోయిన మనిషి ముఖం కాదు. గెలిచిన మనిషి ముఖం.

"అమ్మా," అంది. "నీకు... ఇక్కడి పద్ధతి..."

ఆ మాట పూర్తి కాలేదు. ముంగిలి అవతలి అంచునుంచి అగస్టా వస్తోంది. చొక్కా మార్చుకుని, పాత పట్టు జాకెట్టు వేసుకుంది. జోసెలిన్ లేచి అడ్డు వెళ్లి ఉండవలసింది. లేవాలనే అనుకుంది. కాళ్లు కదిలేలోపే అగస్టా బల్ల పక్కకి వచ్చి నిలబడి, చెంచాతో గ్లాసు మీద చిన్నగా కొట్టింది.

"ఒక్క నిమిషం అందరూ వినాలి," అంది. "ఇవాళ మన మధ్య ఒక గొప్ప నటి ఉన్నారు. మిస్ రొవీనా హేల్. మళ్లీ మా విడిదికి వచ్చినందుకు మేమెంతో గర్వపడుతున్నాం. మిమ్మల్ని మేము మరిచిపోలేదమ్మా."

చివరి మాట అగస్టా కొంచెం గట్టిగా, విడమరిచి పలికింది. మతిమరుపు మనుషులతో, పసిపిల్లలతో మాట్లాడే తీరులో పలికింది.

పళ్ల డాక్టర్లు, వాళ్ల భార్యలు తలలు తిప్పి చూశారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. మిగతావాళ్లు అందుకున్నారు. ఎవరికీ ఆవిడెవరో తెలియదు. తెలియకపోయినా చప్పట్లు కొట్టడానికి మనసు రాని మనుషులు కారు పాపం.

రొవీనా లేచి నిలబడింది. నవ్వింది. ఆ నవ్వు జోసెలిన్ పాత ఫొటోల్లో చూసింది, ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. "మీ అభిమానానికి కృతజ్ఞతలు," అంది రొవీనా నాలుగు పక్కలా తల వంచి. అగస్టా చేతిని రెండు చేతులతో అందుకుని వదిలింది. అగస్టా ఆవిడ కళ్లలోకి చూసింది. మరుపు జాడే లేని ఆ చూపు చూడగానే అగస్టా ముఖం పాలిపోయింది. గిరుక్కున తిరిగి వెనక్కి వెళ్లిపోయింది.

రొవీనా కూర్చుంది. రుమాలు ఒళ్లో సర్దుకుంది.

"నువ్వే అడిగావు కదూ," అంది.

"ఆవిడకి నిజంగా గుర్తున్నావమ్మా. నేను చెప్పకముందే గుర్తుంది. టోపీ సవరించుకుంటుంటేనే..."

"నాకు తెలుసు జోసీ. తాళంచెవి బల్ల మీద పెట్టిన తీరులోనే తెలిసింది. నన్ను ఊరూ పేరూ అడగలేదు. ఆ నిమ్మరసం తెచ్చినతను ఎంత జాగ్రత్తగా చూడకుండా పోయాడనుకున్నావు. అలా చూడకపోవడానికి మనిషెవరో తెలియాలి కదా. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ నన్ను ఎవరూ చూడని చోట పడుకున్నాను ఇవాళ. ఎంత బాగుందో నీకు చెప్పలేను. సాయంత్రం నీతో చెప్పాలనే అనుకున్నాను."

"నాకు తెలీలేదమ్మా. నువ్వు మాట్లాడకపోతే బాధపడుతున్నావనుకున్నాను."

"ఏం చెప్పి ఒప్పించావు ఆవిడని?"

జోసెలిన్ తలెత్తలేదు. తల కొట్టేసినట్టుంది.

"మతి పోయిందని చెప్పావా?"

వెండెల్ గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఆమె మీ మంచికే..."

"నువ్వూరుకో నాయనా," అంది రొవీనా. కోపంగా అనలేదు. "ఇక్కడ గొప్పవాళ్లని పలకరించరు జోసీ. ఈ ముంగిట్లో ఎంతమందిని చూశాను, ఒక్కరి పేరు ఎత్తడం వినలేదు. ఇవాళ నా పేరు ఎత్తారు. అంటే నేనిప్పుడు వాళ్లలో మనిషిని కాను. జాలిపడి చప్పట్లు కొట్టించాల్సిన ముసలిదాన్ని."

"నేను ఓడిపోయానమ్మా," అంది జోసెలిన్. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "పొద్దున్నే ఓడిపోయాను. పందెం నీదే. ఇల్లు మాట ఇంక జన్మలో ఎత్తను. పసుపు కర్టెన్లే కొందాం."

అప్పుడే పక్క బల్ల దగ్గరినుంచి ఒకావిడ వచ్చింది. ముఖమంతా సంబరం. చేతిలో కాగితం రుమాలు, పెన్ను.

"ఒక్క ఆటోగ్రాఫ్ ఇస్తారా అండీ? మా అత్తగారికి చూపిస్తాను. ఆవిడకి పాత సినిమాలంటే పిచ్చి. మీరు ఏ సినిమాలో వేశారో చెబితే అది కూడా రాసుకుంటాను."

"తప్పకుండా," అంది రొవీనా. రుమాలు చిరగకుండా వేలితో అదిమిపట్టి, నెమ్మదిగా, పేరు మొత్తం రాసింది. కింద సినిమా పేరు కూడా రాసి ఇచ్చింది.

"ఎంత మంచివారండీ మీరు," అంది ఆవిడ పెన్ను కోసం చెయ్యి చాపి.

"ఇది కాసేపు నా దగ్గర ఉంచుకోనా? ఇంకో సంతకం ఉంది," అంది రొవీనా.

ఆవిడ సంతోషంగా తలూపి వెళ్లిపోయింది. రొవీనా ముందున్న కంచాన్ని పక్కకి జరిపింది. బల్ల మీద ఖాళీ చేసిన చోటుని అరచేతితో తుడిచి, కూతురి చేతిసంచి వైపు చూసింది.

"ఇంటి కాగితాలు తియ్యి," అంది.

జోసెలిన్ సంచిని రెండు చేతులతో ఒళ్లో అదిమి పట్టుకుని, తల అడ్డంగా ఊపింది.